బాతుగుడ్లకు ఇంకో వారం

ఆగండాగండి, చేతిలో పని కాసేపు పక్కన పెట్టి ముందు అల్లూరులో సాహిరా వాళ్ళింట్లో ఏం జరిగిందో వినండి!

పొద్దున్నే సాహిరా వసారాలో ఇంక్యుబేటర్ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. లోపల ట్రేలో సగం నాటుకోడి గుడ్లు, సగం బాతుగుడ్లు. హుషారులో అన్నీ ఒకే రోజు పెట్టేసింది. కోడిపిల్లకు మూడు వారాలు చాలు, బాతుపిల్లకు నాలుగు కావాలి. ఇప్పుడు కోడిగుడ్లు పగిలే రోజులు దగ్గరపడ్డాయి, వాటిని ఇక తిప్పకూడదు. బాతుగుడ్లను తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. తిరిగే ట్రే చూస్తే ఒక్కటే!

గుడ్ల వ్యాపారి సిలార్ మోపెడ్‌కు అట్టలు కడుతూ కూతుర్ని చూశాడు.

"ఏంది మే, అట్టా కూచోనుండావు?"

"తప్పు చేసినా నాయనా. బాతుగుడ్లు వారం ముందే పెట్టుండాల."

"చెప్పినానా లేదా! సోమవారం తడకి పోయి కంపెనీలో చేరిపో. నీ తమ్ముడు పర్వేజ్ ఆడ చేరి ఏడాదయింది. డిప్లొమా చదివి నువ్వు ఈ పెట్టెకి కాపలా!"

"సోమవారానికి అన్ని గుడ్లూ పగిలి పిల్లలు లేస్తే ఇదే పని చేసుకోమన్నావు గదా! లేకుంటే తడ పోతానని నేనూ మాటిచ్చినా."

"లేస్తే అన్నా. యాడ లేస్తాయి ఇంక?"

సాహిరా కళ్ళు తుడుచుకుంది. పెరట్లో తల్లి కరీమున్నీసా పొదుగుమీదున్న కోడిని బకెట్ నీళ్ళలో ముంచుతోంది. పొదుగు మానితేనే మళ్ళీ గుడ్లు పెడుతుందని సిలార్ చెప్పిన పని అది. అరుపులు విని తడిసిన కోడిని చంకలో పెట్టుకునే వచ్చేసింది.

"ఇదేమో గుడ్లు లేవని ఏడుస్తుండాది, అదేమో గుడ్లు యాడ పెట్టాలో తెలీక ఏడుస్తుండాది! కోడిగుడ్లు దీని కిందెయ్యి మే. బాతుగుడ్లు పెట్టెలోనే తిరగనీ."

సాహిరా ఎగిరి గంతేసింది. కరీమున్నీసా మాత్రం భర్త వైపు తిరిగింది.

"నువ్వు చేసిందేంది? ఇద్దరు బిడ్డల్నీ ఒకే ట్రేలో పెడితివి. ఒకడు ముందు లేచినాడని రెండోదాన్ని పనికిరాదంటావా?"

సిలార్ మోపెడ్ స్టార్ట్ చేశాడు.

కోడి ఆరాక, మసక వెలుతురులో గుడ్లు దాని కింద సర్దారు. అది రెక్కలు విప్పి మెల్లగా కూర్చుంది. సోమవారం తెల్లవారేసరికి రెక్కల కింద నుంచి కిచకిచలు! కానీ తడ బస్సు కూడా ఆరోజే. సాహిరా మాటంటే మాటే, బ్యాగు సర్దేసుకుంది. బాతుగుడ్లకు ఇంకో వారం ఉంది.

"ఆ లైటు ఇట్టా పట్టు," అన్నాడు సిలార్, ఒక బాతుగుడ్డు చేతిలోకి తీసుకుని.

సాహిరా ఫోన్ టార్చ్ పెంకుకు ఆనించింది. లోపల నల్లటి ముద్ద చిన్నగా కదిలింది.

"ఇన్నేళ్ళు గుడ్డుని వెలుతురులో పెట్టి చెడిపోయిందేమోననే చూసినా బిడ్డా..." అన్నాడు సిలార్.

ఫోన్ మోగింది. ఉద్యోగం చూసిపెట్టిన కామాక్షయ్య.

"మా పాప రాదు కామాక్షయ్యా."

"మళ్ళీ ఈ అవకాశం దొరకదు సిలారన్నా!"

"తెలుసులే."

గుడ్డును ట్రేలో పెట్టి మూత వేశాడు. కూతురి బ్యాగు తనే లోపలికి మోసుకెళ్ళాడు.

ఆ బాతుపిల్లలు లేస్తాయో లేదో ఇంకా తెలియదు. సిలార్ స్థానంలో మీరుంటే ఇంకో వారం ఆగేవారా?