చెప్పని పిడికెడు

కాడుగోడిలో సొన్నమ్మ ఇంట్లో ఏడాదికి సరిపడా సారు పొడి, అదే చారు పొడి, కొట్టించే రోజులు వచ్చాయంటే, కొడుకు మునిరాజుకు కూర్చోవడానికి చోటు దొరకదు. మేడ మీద మిరపకాయలు, వరండాలో ధనియాలు, సోఫా మీద పసుపు కొమ్ములు. రెండు వేల మూడు ఫిబ్రవరిలో ఆ ఉదయం కూడా అతను నిలబడే ఇడ్లీలు మింగి, నాలుగు తుమ్ములు తుమ్మి కంపెనీ బస్సు కోసం పరుగెత్తాడు.

వంటింట్లో సొన్నమ్మ ధనియాలు వేయిస్తోంది. కోడలు శశికళ మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఈ పొడి వేసిన సారు లేకపోతే ఆ ఇంట్లో రాగి సంగటి ఎవరి గొంతూ దిగదు. సొన్నమ్మకు అత్త చెన్నమ్మ నేర్పింది. చెన్నమ్మకు ఆమె అత్త నేర్పింది. అత్త నుంచి కోడలికే గానీ, కన్న కూతురికి మాత్రం చెప్పకూడదు. కూతురు ఇంకో ఇంటికి పోతుంది, ఈ ఇంటి రుచిని వెంట పట్టుకుపోతుందట! ఇంత గొప్ప నియమం పెట్టిన మహాతల్లి ఎవరో గానీ, తనూ ఒకింటి ఆడపిల్లేనన్న సంగతి మరిచిపోయినట్టుంది.

గేటు ధడాలున తెరుచుకుంది. సొన్నమ్మ కూతురు మునిరత్న కె.ఆర్.పురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. లోపలికి వస్తూనే దాన్ని శశికళ ముందు ఠక్కున పెట్టింది.

"ఏం వదినా, నా నోట్లో మన్ను కొట్టాలని ఎన్ని దినాలుగా అనుకుంటా ఉండావు?"

శశికళ బిత్తరపోయింది. "ఏమైంది రత్నా?"

"ఏమైందా? వరూధినమ్మ నా పొడితో కాచిన సారు ఒక్క గుక్క తాగి గిన్నె పక్కకి నెట్టేసింది. ఇది మీ అమ్మ పొడి కాదమ్మా అనింది. సోమవారం లోపల అసలుది తెస్తే సరి, లేదంటే వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటుందంట!"

రత్న భర్త హనుమంతు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఆరు నెలలైంది. ఆ మనిషి అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప ఏమీ చేయడం లేదు. వరూధిని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సాఫ్ట్‌వేర్ పిల్లలకు మెస్ నడుపుతుంది. ఒకసారి ఈ ఇంట్లో శుభకార్యానికి వచ్చి, సారు తాగి, మళ్ళీ పోయించుకుని తాగింది. అదే రుచితో పొడి ఇస్తే ప్రతి నెలా నీ దగ్గరే తీసుకుంటానని రత్నకు మాటిచ్చింది. రత్న ఇద్దరు పిల్లల స్కూలు, ఆ ఇంటి పొయ్యి, అన్నీ ఇప్పుడు ఆ మాట మీదే ఆధారపడి ఉన్నాయి.

సొన్నమ్మ గరిటె ఆపింది. "నువ్వు పొడి చేసినావా? ఎవరు చెప్పినారు నీకు?"

రత్న నాలుక కరుచుకుంది. కోపంలో ఆ సంగతి అమ్మ దగ్గర దాచాలన్నదే మరిచిపోయింది పాపం.

"నేనే చెప్పినాను అత్తా," అంది శశికళ. "నిన్ను అడిగితే కుదరదన్నావు. పిల్ల ఏడ్చుకుంటా పోయింది. చూడలేకపోయినా."

"ఓహో! పెద్ద ధర్మాత్మురాలివి! ఇంటి గుట్టు బయటపెడ్తావా?"

"బయటోళ్ళకు కాదు కదత్తా. నీ కడుపున పుట్టిన పిల్లకే."

"ఏం చెప్పింది లేమ్మా!" రత్న గొంతు పెంచింది. "చెప్పింది చెప్పినట్టే చేసినా. రుచి రాలేదంటే ఏదో ఒకటి దాచిపెట్టింది. నేను బాగుపడితే నీకేమి పోతాది వదినా?"

"నా బిడ్డల మీద ఒట్టు!" శశికళ లేచి నిలబడింది. "మిరియాలు, మెంతులు, కరివేపాకు, మిరపకాయలకు ఆముదం చుక్క పెట్టేదాంతో సహా అన్నీ చెప్పినా. అత్తా, నువ్వే చెప్పు. నేనేమన్నా మరిచినానా?"

మామూలుగా మాటకు పది మాటలు అంటించే సొన్నమ్మ స్టవ్ కట్టేసి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడవసాగింది. శశికళ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. చూస్తుండగానే ఏదో తట్టి శశికళ ముఖం పాలిపోయింది.

"అత్తా, పోయినేడు జ్వరంతో కాళ్ళు వణుకుతా ఉన్నా పొడి కొట్టే మిషన్‌కి నువ్వే పోయినావు. వద్దంటే వినలేదు. పద్నాలుగేండ్లలో ఒక్కసారన్నా పొడి కొట్టించేదానికి నన్ను పంపలేదు. ఎందుకు?"

"సుమ్నే ఊరుకో శశీ. గలాటా చేయొద్దు."

"అక్కడ ఏమో కలుపుతావు. నాకు తెలియకుండా కలుపుతావు. అవునా కాదా?"

సొన్నమ్మ తల వంచుకుంది. రత్న నోరు తెరిచి తల్లినీ వదిననీ మార్చి మార్చి చూసింది.

శశికళకు ఏడుపు ముంచుకొచ్చింది. "పచ్చి బాలింతరాలిగా ఉన్నప్పుడు కూడా మిరపకాయలు ఎండబెట్టినా. చేతులు మంటలెత్తి రాత్రుళ్ళు నీళ్ళలో పెట్టుకొని కూర్చున్నా. 'అంతా నేర్పించేసినా, ఇల్లింక నీదే' అంటివే. ఇన్నేండ్లూ నేను ఈ ఇంటికి పనిమనిషినేనా అత్తా?"

చేతిలోని మిరపకాయలు చాటలో వదిలేసి గదిలోకి వెళ్ళబోయింది. సొన్నమ్మ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అంత వేగంగా ఎలా కదిలిందో ఆమెకే తెలియదు.

"పోవద్దు శశీ. చెప్తాను. ఇద్దరూ కూర్చోండి."

కొంగు ముడి విప్పి గట్టు మీద పోసింది. వేయించిన అనపగింజలు. సరిగ్గా ఒక పిడికెడు.

"ఇవి. మిషన్‌వాడు అటు తిరిగినప్పుడు పోసేస్తాను."

"అనపగింజలా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇది మా అత్త చెప్పింది కాదు," అంది సొన్నమ్మ. "నేను కల్పించింది."

ఆమె గింజలను కుప్పగా చేరుస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"మా అత్త కూడా ఒకటి దాచుకునింది. పోయే ముందర చెప్తాను లేవే అనేది. పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. మూడు దినాలు నా చెయ్యి పట్టుకొని ఏమో చెప్పబోయింది, అర్థం కాలేదు. దినంనాడు బంధువులంతా సారు తాగి, చెన్నమ్మతోనే ఆ రుచి పోయిందన్నారు. నా మొహం మీదే అన్నారు. ఏడాదిపాటు ఏమేమో కలిపి చూసినా. కడాకి అనపగింజలు వేస్తే, మరుసటేడు జాతరకు అదే నోళ్ళు 'చెన్నమ్మ చెయ్యే' అన్నాయి. ఇంక ఎట్లా చెప్పేది? చెప్తే నాలుగు తరాల పొడిని ఈ సొన్నమ్మ చెడగొట్టింది అంటారు కదా."

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?" అంది శశికళ.

"భయం. అంతా చెప్పేస్తే ఇంక నాతో పనేముంటుంది అని." సొన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న కొద్దీ కారాయి. "మా అత్త నన్ను నమ్మకుండానే పోయిందని ముప్పై ఏండ్లు కుమిలినా తల్లీ. నీకూ అదే చేస్తా ఉండానని నాకు తోచనే లేదు. పెద్దదాన్ని, తప్పయిపోయింది."

శశికళ అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అంత మాట వద్దత్తా." ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి ఏడ్చారు.

రత్న ముక్కు చీదుకుంటూ వదిన పక్కకు జరిగింది. "వదినా, బస్సులో వచ్చేటప్పుడంతా నిన్ను తిట్టుకుంటానే వచ్చినా. కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తర్వాత పట్టుకుందువు గానీ, ముందు ఈ తొడిమలు తియ్యి. సోమవారానికి ఎన్ని దినాలుండాయి?"

రత్నకు ఏడుపులోనే నవ్వొచ్చింది. సొన్నమ్మ మాత్రం ఇంకా తలెత్తలేదు.

"రత్నా, ఆ వరూధినమ్మకి ఏమని చెప్తావు? నాలుగు తరాల పొడి అని చెప్పుకొని ఉంటావు కదా. అబద్ధమైపోయింది."

రత్న తల్లి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"అవ్వ పొడి, అవ్వ పొడి అని ఊరంతా గొప్పలు చెప్పుకుంటినమ్మా. మా అమ్మ పొడి అని తెలిసుంటే ఇంకా గట్టిగా చెప్పుకునేదాన్ని కదా!"