మంగళవారం రోమ్ ప్రయాణం

"నా పాస్‌పోర్టు పోయింది మేడం. తీసింది మా తమ్ముడే. వాడి చేత ఒప్పించండి, చాలు!"

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక, రెండో అంతస్తులోని ఆ ఆఫీసులోకి దూసుకొచ్చిన అమ్మాయి కుర్చీలో కూర్చోకముందే మాట ముగించేసింది. ప్రైవేటు డిటెక్టివ్ శేషారత్నం కళ్లజోడు సర్దుకుంది. అసిస్టెంట్ జాబెజ్ అప్పటికే మంచినీళ్లు అందించాడు. మేడం చేపట్టిన కేసు తేలకుండా ఉండదని మెదక్‌లోని తన చుట్టాలందరికీ చెప్పుకుని తిరిగే మనిషి అతను.

"దొంగ పేరు కూడా నువ్వే చెప్పేస్తే నాకింక పనేముందమ్మా? ముందు నీళ్లు తాగు. మొదటినుంచి చెప్పు."

అమ్మాయి పేరు సాయిసుధ. నాంపల్లిలో ఇల్లు. ఆర్కిటెక్చర్ చదువుతోంది. చివరి ఏడాది క్లాసులు మొదలయ్యేలోగా దొరికిన సెలవుల్లో రోమ్, ఫ్లోరెన్స్, ప్రాగ్ చూసి రావాలని పిల్లలకు బొమ్మల ట్యూషన్లు చెప్పి డబ్బు కూడబెట్టుకుంది. రేపు, మంగళవారం పొద్దున విమానం. ఢిల్లీ స్నేహితురాలు జమున ఇప్పటికే రోమ్ చేరి ఎదురుచూస్తోంది.

"క్లాసులో తెరమీద చూసిన గోపురాల కింద ఒక్కసారైనా నిలబడాలి మేడం. వీసా ఈ సెలవుల వరకే. ఇప్పుడు పోకపోతే ఇంక లేదు."

"పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావు?"

"హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో. అక్కడే పెట్టమని ఇవాన్ అన్న చెప్పాడు. నిన్న పొద్దున పెట్టి, బ్యాగు ఇంట్లోనే ఉంచి షాపింగ్‌కి వచ్చా. సాయంత్రం వెళ్లి చూస్తే లేదు. నాన్న విజయవాడ వెళ్లారు. ఇంట్లో అమ్మ, గౌతమ్ తప్ప ఎవరూ లేరు. 'ఎట్లా పోతవో చూస్తా' అని మొన్ననే వాడు నాతో గొడవపడ్డాడు."

"ఇవాన్ ఎవరు?"

"ఎదురు ఫ్లాట్ డోరా ఆంటీ వాళ్లబ్బాయి. ట్రావెల్ ఏజెన్సీలో పని. వీసా, టికెట్ అన్నీ అన్నే చూశాడు. కిటికీ సీటు ఎంచుకుందామంటే వెబ్‌సైట్‌లో నా బుకింగ్ తెరుచుకోలేదు. అన్నని అడిగితే, సైట్ మొరాయిస్తోంది, ఎయిర్‌పోర్టులో ఇప్పిస్తాలే అన్నాడు."

"ఆ బుకింగ్ నంబరు జాబెజ్‌కి ఇవ్వు. పద, మీ ఇంటికి పోదాం."

నాంపల్లి ఫ్లాట్‌లో గౌతమ్ సోఫాలో ముడుచుకుని ఉన్నాడు. ఇంటర్ చదివే కుర్రాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఔ, గొడవపడ్డా. అక్క పోతుంటే బాధేసింది. గంత మాత్రానికి దొంగనా?" అన్నాడు.

"నటించకురా!" అంది సాయిసుధ.

"చూసిన్రా మేడం? అప్పుడే శిక్ష కూడా వేసేసింది."

శేషారత్నం బ్యాగు అడిగి తీసుకుంది. నీలం గుడ్డ బ్యాగు. ముందువైపు ఒక చోట రంగు వెలిసినట్టుంది. ఎవరో గట్టిగా రుద్ది తుడిచారు. బ్యాగు బోర్లించి దులిపితే పసుపు బియ్యం గింజలు రాలాయి.

"అక్షింతలా అమ్మా?"

తల్లి వరలక్ష్మి కొంగు వేలికి చుట్టుకుంది. "దేవుడి దగ్గర పెట్టానండీ. పసుపు బొట్టు కూడా పెట్టా. అమ్మాయి చూస్తే వెక్కిరిస్తుందని, అది వచ్చేలోగా తుడిచేశా."

"పసుపు పెట్టావా? నాకు తెలీనే తెలీదు," అంది సాయిసుధ.

"మీది ఏ ఊరమ్మా?" శేషారత్నం అడిగింది.

"గుడివాడ దగ్గర. మా మామగారి కాలంలోనే ఇటు వచ్చేశాం."

"మంగళవారం ప్రయాణం పెట్టుకున్నారే?"

"నా మాట ఎవరు వింటారండీ ఈ ఇంట్లో?"

"బ్యాగు ఈ ఇల్లు దాటిందా?"

"లేదండీ." జవాబు మరీ తొందరగా వచ్చింది.

ఎదురు ఫ్లాట్‌లో డోరా టీచరు ముభావంగా తలుపు తీసింది. లోపల ఇవాన్ ఫోన్ పట్టుకుని పచార్లు చేస్తున్నాడు.

"పాపం సుధ," అన్నాడు. "టికెట్ క్యాన్సిల్ చేసి డబ్బులు వాపసు ఇప్పిస్తా మేడం. అంతకన్నా ఏం చేయగలం?"

"ఎవరు తీసి ఉంటారంటావు?"

"గౌతమ్ పనే అయ్యుంటది. ఆంటీ అంత పెద్ద పసుపు బొట్టు పెట్టిన బ్యాగు మీద బయటివాళ్లు ఎవరు చెయ్యేస్తారు?"

శేషారత్నం తల ఊపి బయటికి వచ్చేసింది. మెట్ల దగ్గర ఫోన్‌లో మాట్లాడుతున్న జాబెజ్ పరుగున వచ్చి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె ముఖం వెలిగింది.

"అందరినీ వరలక్ష్మిగారి హాల్లోకి పిలువు జాబెజ్. డోరాగారిని, ఇవాన్‌ని కూడా."

అందరూ చేరాక ఆమె గౌతమ్ భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ అబ్బాయి దొంగ కాదు. బ్యాగు ఇల్లు దాటలేదనుకుంటేనే వీడి మీద అనుమానం. కానీ దాటింది. వరలక్ష్మిగారూ, పరస్థానం పెట్టారు కదూ?"

వరలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గదేంది మేడం?" జాబెజ్ అడిగాడు.

"ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే మంచి గడియ చూసి, ప్రయాణించేవాళ్ల వస్తువు ఒకటి పొరుగింట్లో ఉంచుతారు. అప్పుడే బయల్దేరినట్టు లెక్క. మా గోదావరి వైపూ ఉంది. మంగళవారం ప్రయాణం, పసుపు బొట్టు, అక్షింతలు. ఇంకేం కావాలి?"

"అవునండీ," అంది వరలక్ష్మి. "నిన్న పొద్దున డోరా ఇంట్లో పెట్టా. అందులో పాస్‌పోర్టు ఉందని తెలీదు. సాయంత్రం బ్యాగు సర్దుకుంటానని అమ్మాయి ఫోన్ చేస్తే, బదులుగా దాని చున్నీ ఉంచి బ్యాగు తెచ్చేశా. ఆ సంగతి చెబితే డోరాని దొంగ అన్నట్టవుతుంది కదా!"

"ఎవరికీ చెప్పొద్దని వదిన ఒట్టేయించుకుంది," అంది డోరా. "అందుకే నోరు మూసుకున్న."

"సుధ తిరిగొచ్చేసరికి బొట్టు తుడిచేశారు. బ్యాగు యజమానికే తెలియని ఆ బొట్టు ఇవాన్‌కెలా తెలిసింది? బ్యాగు తమ ఇంట్లో ఉన్నప్పుడు చూశాడు. పాస్‌పోర్టు ఏ జిప్పులో ఉంటుందో చెప్పిందీ అతనే. ఎందుకు తీశాడంటారా? జాబెజ్, చెప్పు."

జాబెజ్ ఛాతీ విరిచాడు. "విమాన సంస్థకి ఫోన్ చేసిన. ఆ నంబరు మీద టికెట్టే లేదు!"

సాయిసుధ సోఫా అంచున కూలబడింది.

"వీసా కోసం సీటు తాత్కాలికంగా పట్టి పెట్టిన," ఇవాన్ తలెత్తకుండా అన్నాడు. "గడువులోగా టికెట్ ఇష్యూ చేయడం మర్చిపోయిన. శనివారం చూస్తే బుకింగే లేదు. చెబితే ఉద్యోగం పోతదని భయమేసింది. తెల్లారితే బ్యాగు మా ఇంట్లనే ఉండె. విమానం టైమ్ దాటినాక మెల్లగా ఎక్కడన్న పడేద్దామనుకున్న."

డోరా లేచి కొడుకు ముందు నిలబడింది. "నమ్మి మన ఇంట్ల పెట్టిన వస్తువుల చెయ్యి పెట్టినవా? నీ తప్పుకు గీ పిల్లగాణ్ని దొంగను చేసినవా? పో, తెచ్చియ్యి."

ఇవాన్ వెళ్లి పాస్‌పోర్టు తెచ్చాడు. సాయిసుధ దాన్ని లాక్కుంది, కానీ ముఖంలో వెలుగు రాలేదు. "టికెట్ లేకుండా దీన్నేం చేసుకోను?"

"ఏడుపులు తర్వాత," అంది శేషారత్నం. "ఇవాన్, ఇప్పుడే, మా అందరి ముందే, మీ ఓనర్‌కి ఫోన్ చేసి నిజం చెప్పు."

ఇవాన్ చేశాడు. అవతలి తిట్లు హాలంతా వినిపించాయి. తర్వాత కీబోర్డు టకటకలు. ఎక్కువైన ధర ఇవాన్ జీతంలో కోస్తానని అరిచి, ఓనరు చివరికి ఒక దారి చెప్పాడు. ముంబై మీదుగా, బుధవారం పొద్దున, ఒక్క సీటు. ఈసారి సాయిసుధే విమాన సంస్థకి ఫోన్ చేసి టికెట్ ఖాయమైందని తన చెవులతో విన్నాకే ఊపిరి వదిలింది.

"బుధవారమా!" వరలక్ష్మి ముఖం విప్పారింది. "నేను వద్దన్నది మంగళవారమే కదమ్మా!"

డోరాకు కూడా నవ్వాగలేదు. సాయిసుధ మాత్రం నవ్వలేదు. తమ్ముడి పక్కన చేరి కూర్చుంది.

"సారీ రా."

"సారీ గీరీ జాన్తానై," గౌతమ్ ముఖం అటు తిప్పుకున్నాడు.

"మరేం చెయ్యమంటావు?"

"రోమ్‌ల నువ్వు గోపురం కిందికి పోయినప్పుడు వీడియో కాల్ చెయ్యి. నేను క్లాసుల ఉన్నా సరే ఎత్తుతా." అక్క వైపు తిరిగాడు. "గప్పుడు చెప్పు సారీ. గాడ మంచిగ మోగుతది."