దాపటి ఎద్దు

శుక్రవారం పొద్దున దోహాలో, అల్ సద్‌లోని ఆ ఫ్లాట్లో పెసరట్ల వాసన నిండిపోయింది. సెలవు కదాని గురుప్రసాద్ లుంగీలోనే కూర్చుని ఫోన్‌లో ఎద్దుల బండలాగుడు పోటీలు చూస్తున్నాడు. పక్కనే తండ్రి రామచంద్రరావు అల్లం పచ్చడి నంజుకుంటున్నాడు. భార్య పోయాక కొడుకు దగ్గరే ఉంటున్నాడాయన.

ఆ పోటీల లెక్క, పొయ్యి దగ్గర అట్లు పోస్తున్న కోడలు ధాత్రికి ఎన్నడూ మింగుడు పడలేదు. అద్దంకి దగ్గర మరిది సాయిబాబు సాకుతున్న ఎద్దుల జతకి ఉలవలు, పత్తిగింజలు, గుడ్లు, తోలేవాడి కూలి, అన్నిటికీ డబ్బు దోహా నుంచే వెళ్ళాలి. మొదటి బహుమతి వచ్చినా లారీ బాడుగకే సరి. "గెలిచిన జతకి రేటు పెరుగుతుందే, అమ్మేటప్పుడు చూడు" అంటాడు మొగుడు. అమ్మేది మాత్రం ఉండదు. క్లినిక్‌లో అకౌంట్స్ చూసే ధాత్రి తన లెక్క తను వేసుకుంది: ఒక ఎద్దు తగ్గితే ఖర్చు సగం తగ్గుతుంది.

సాయిబాబు ఫోన్ చేశాడు. గురుప్రసాద్ స్పీకర్ పెట్టాడు.

"అన్నయ్యా, నువ్వు చెప్పావని దాపటిదాన్ని పక్కూరి లియాఖత్ అలీగారికి అమ్మేశాను గదా! మిగిలింది మేత ముట్టటంలేదు. ఎడం పక్కకి తిరిగి ఒకటే అరుపు."

"నేను చెప్పానా? ఎప్పుడ్రా?"

ధాత్రి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. 'మీ అన్నయ్య ఒకదాన్ని అమ్మేయమన్నారు' అని మరిదితో చెప్పింది తనే.

"నేను చెప్పించాన్రా, నీ పేరు పెట్టి." రామచంద్రరావు ప్లేటులోంచి తలెత్తలేదు.

గురుప్రసాద్ భగ్గుమన్నాడు. "ఎకనామిక్స్ లెక్చరర్‌గారూ, మీకిదేం బుద్ధి నాన్నా! జతగా ఉంటేనే దానికి ధర. ఎడం పక్క అలవాటైన దాపటి ఎద్దు పోతే రెండోది దేనికి? బండికి కట్టుకోవాలా? ఈ ఇంట్లో కూర్చుని తింటూ నా వెనకే గోతులు తవ్వుతారా?"

"తప్పయిందిరా," అన్నాడు పెద్దాయన. అట్టు ముక్క తుంచాడు గానీ నోట పెట్టుకోలేదు.

ఆ ఒక్కమాటకి ధాత్రికి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. పోయిన వారం మరిదితో ఫోన్‌లో గుసగుసలాడుతుంటే మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చిందీయనే. వినలేదనుకుంది.

"మామయ్యగారిని అనకండి," అంది. "చెప్పింది నేను."

"నువ్వా?"

"ఉలవల ఖర్చు సగం తగ్గుతుందనుకున్నా. జత విడగొడితే ఇలా అవుతుందని తెలీదండీ. తెలిసినా... మీ పేరు చెప్పి అబద్ధమాడటం తప్పే."

గురుప్రసాద్ ఆమెను చూడలేదు, తండ్రిని చూశాడు. తన నోటితో అన్న మాటలు తనకే వినబడుతున్నట్టు అతని మొహం పాలిపోయింది.

"లియాఖత్‌గారి నంబరివ్వు, సాయీ," అంది ధాత్రి. భర్త ముందే ఫోన్ కలిపి, జరిగింది ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

అవతలి మనిషి నవ్వాడు. "నా పాత ఎద్దు పక్కన ఇదీ నిలబడటంలేదమ్మా. వెనక్కిస్తే నా డబ్బు మీరు సర్దలేరు, తెలుసు; ఈపాటికి మేత బాకీలకే పోయుంటుంది. ఇద్దరం కలిసి కంబైన్డ్‌గా కడదాం. నేను కొన్నదాని మేత నాది, మీ దగ్గరున్నదాని మేత మీది. పోటీలకి పాత జతే, గెలిస్తే చెరిసగం. వారానికోసారి రెండింటినీ ఒక కాడి కిందకి తెద్దాం. పోటీ రోజు మైకులో మీ వైపు ఎవరి పేరు చెప్పించమంటారు?"

"మా మామయ్యగారిది."

"నాదొద్దమ్మా!" రామచంద్రరావు కంగారుగా చెయ్యూపాడు. "ఓడిపోతే ఆ తిట్లూ నేనే తినాలి."

ధాత్రి నవ్వబోయి ఏడ్చేసింది. గురుప్రసాద్ లేచాడు. తండ్రి ముందున్న చల్లారిన ప్లేటు తీసి, తనే పొయ్యి దగ్గరికి వెళ్ళి వేడి అట్టు వేసుకొచ్చాడు. ప్లేటు ఆయన ముందు పెట్టి, "తినండి నాన్నా," అన్నాడు, కళ్ళెత్తలేక.

పెద్దాయన ఆ అట్టు మధ్యకి విరిచి, సగం కోడలి వైపు జరిపాడు.