షీరీన్ చేసిన గూళ్ళు

షీరీన్ తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించుకొని వంటింట్లోకి వచ్చేసరికి అత్త జీనత్ అప్పటికే టీ మరిగించింది. గ్లాసు చేతికి ఇస్తూ కోడలి ముఖంలోకి చూసింది.

"మళ్ళీ దగ్గతా ఉండావే?"

"నిన్నంతా పుట్టీ రుద్దినాను గదా అత్తమ్మా. ఆ దుమ్ము."

వరండాలో ఫారూఖ్ రెండు స్పీకర్ గూళ్ళను పాత దుప్పట్లో చుట్టి బైకు వెనక కట్టుకుంటున్నాడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర వాళ్ళకు కార్ల సీటు కవర్ల షాపు ఉంది. తండ్రి బర్కతుల్లా పెట్టిన షాపే అయినా మూడేళ్ళుగా దానికి పేరొచ్చింది ఈ గూళ్ళ వల్లే. కంపెనీ నుంచి వచ్చిన కార్లో స్పీకరు డోరు కింద, మోకాలికి పాట వినిపిస్తున్నట్టు ఉంటుంది. దాన్ని పైకి తెచ్చి, మనిషి చెవి వైపు తిప్పి, డోరులో కలిసిపోయేట్టు ఫైబర్‌తో గూడు కట్టాలి. ఒక కారుకు చేసింది ఇంకో కారుకు పట్టదు. ఏ కారుకు ఆ గూడు చేత్తో చేయాల్సిందే.

ఆ చెయ్యి షీరీన్‌ది.

ఆమె తండ్రి జబీవుల్లా అనుమసముద్రంపేటలో ఫైబర్ నీళ్ళ ట్యాంకులకు, తలుపులకు రిపేర్లు చేసేవాడు. పదేళ్ళ వయసు నుంచే రెజిన్ జిగురు కలపడం, దాని మీద ఫైబర్ మ్యాట్ పరవడం ఆమెకు వచ్చు. పెళ్ళయి ఉదయగిరి వచ్చాక ఒకసారి సరదాగా ఫారూఖ్‌కు ఒక గూడు చేసి ఇచ్చింది. అది చూసి నలుగురు అడిగారు. అప్పటి నుంచి ఇంటి వెనక గది ఆమె పనిగది అయింది. అయితే ఆ గది కిటికీలు, తలుపు మూసే ఉండాలన్నాడు బర్కతుల్లా. "మన కోడలు మేస్త్రీ పని చేస్తా ఉండాదని వీధంతా చూడాల్నా?" అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. రెండు నెలల కిందట ఆత్మకూరులో డాక్టరు, గాలి ఆడనిచోట రెజిన్ వాసన పీల్చవద్దని షీరీన్‌కు గట్టిగా చెప్పాడు. ఫారూఖ్ పక్కనే ఉండి విన్నాడు. వచ్చేటప్పుడు మెడికల్ షాపులో ఒక గుడ్డ మాస్కు కొనిచ్చాడు. కిటికీ మాత్రం తెరుచుకోలేదు.

"జనార్దనయ్య సార్‌ది ఆదివారం కల్లా అయిపోవాల," అన్నాడు ఫారూఖ్ బైకు స్టార్ట్ చేస్తూ.

"ఆయన సీట్లో కూర్చుంటే చెవి ఎంత ఎత్తున ఉంటాదో కొలిచి రమ్మన్నాను. కొలిచినావా?"

"చెవి కొలతెందుకే? డోరు కొలత ఇచ్చినా గదా!" విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

జనార్దనయ్య అనంతసాగరంలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కారు నడుపుతూ పాటలు వినాలని ఆయన కోరిక. స్పీకరు కుడి చెవికి సూటిగా ఉంటే తప్ప ఆయనకు మాట స్పష్టంగా తెలియదు. అందుకే చెవి కొలత అడిగింది షీరీన్.

పదిగంటలప్పుడు తండ్రి నుంచి ఫోన్ వచ్చింది.

"ఒక వీడియో పంపినాను, చూడు తల్లీ," అన్నాడు జబీవుల్లా. గొంతు ఎప్పటిలా లేదు. "ఆ అంచులు నీ చేతివని నాకు తెలుసు. అల్లుడు ఏందో చెప్తా ఉండాడు. నువ్వే చూడు." పెట్టేశాడు.

అది ఊళ్ళలో తిరిగి వీడియోలు తీసే ఒక కుర్రాడి చానల్. షాపు ముందు ఫారూఖ్ నిలబడి ఉన్నాడు. చేతిలో షీరీన్ పోయిన నెల చేసిన గూడు.

"ఇదంతా నీ పనేనా అన్నా?"

"నేనే చేసినాను. డిజైను, ఫైబరు, ఫినిషింగు అంతా. ఇంట్లోనే వర్క్‌షాపు ఉండాది."

"ఇంట్లోవాళ్ళు హెల్ప్ చేస్తారా?"

ఫారూఖ్ నవ్వాడు. "ఆడోళ్ళకు ఇవేం తెలుస్తాయి తమ్ముడూ? మా ఆమె టయానికి అన్నం పెడితే అదే పదివేలు. ఈ వాసనొస్తే తలుపేసుకొని కూర్చుంటాది."

షీరీన్ ఆ ముక్క మూడుసార్లు విన్నది. తలుపేసుకొని కూర్చుంటాది. అవును, కూర్చుంది. మూడేళ్ళు కూర్చుంది. వెనక గదిలోకి వెళ్ళి, సగం అయిన పని మీద గుడ్డ కప్పి, గది తాళం తెచ్చి వరండాలో ఫారూఖ్ కూర్చునే కుర్చీలో పెట్టింది.

సాయంత్రం బర్కతుల్లా, ఫారూఖ్ షాపు నుంచి వచ్చారు. ఫారూఖ్ కుర్చీలో తాళం చూసి, "ఏంది ఇది?" అన్నాడు.

"నీ వర్క్‌షాపు తాళం. అంతా నువ్వే చేస్తావంట గదా. చేసుకో."

అతను తాళం చేతిలోకి తీసుకున్నాడు. "వీడియో చూసినావా? అది ఊరికే, మాటవరసకు..."

"మాటవరసకు నన్ను అన్నానికి సరిపెట్టినావా? నా వేళ్ళు చూడు! హార్డెనర్ పడి కాలిన మచ్చలు ఇవి. అన్నం వండితే వచ్చినాయా ఇవి?"

"గొంతు తగ్గించు షీరీన్," అన్నాడు బర్కతుల్లా. "షాపు పేరు, ఇంటి పేరు వేరు వేరా? వాడికి పేరొస్తే నీకు వచ్చినట్టు కాదా?"

"అట్లయితే నా పేరే చెప్పమనండి మామా. నాకొస్తే ఆయనకు వచ్చినట్టే గదా!"

ఆ ఇంట్లో ఎవరూ బర్కతుల్లాకు అట్లా జవాబు చెప్పి ఎరగరు. ఆయన ముఖం కందిపోయింది. "ఆడపిల్ల పేరు బజార్లో పెట్టుకొని గిరాకీ తెచ్చుకునే గతి నాకింకా పట్టలా!"

"పేరు బజార్లో పెట్టకూడదు. చేతులు మాత్రం పెట్టొచ్చా?"

"చాలించు!" అరిచాడు ఫారూఖ్. తాళం గుప్పిట్లో బిగించాడు. "నువ్వు చెయ్యకుంటే షాపు మూతపడతాదా? మూడేళ్ళుగా చూస్తానే ఉండా. ఆదివారం లోపల నేను చేసి చూపిస్తా."

"చెయ్యి," అంది షీరీన్. ఆ తర్వాత మూడు రోజులు అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. జీనత్ మధ్యలో నలిగిపోయింది. "మగోడు ఏదో అన్నాడు, మర్చిపో," అని కోడలికి చెప్పబోయింది. "మీరైతే మర్చిపోతారా అత్తమ్మా?" అని ఎదురడిగింది షీరీన్.

ఆదివారం మధ్యాహ్నం ఫారూఖ్ వెనక గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు. స్పీకరు కూర్చునే చెక్క రింగు నిలబెట్టి గుడ్డ బిగించడం వరకు ఎట్లాగో చేశాడు. షీరీన్ హార్డెనర్‌ను చుక్కలు లెక్కపెట్టి పోసేది; ఎక్కువైతే రెజిన్ వేడెక్కి పొగలు కక్కుతుంది. అతనికి అంత ఓపిక లేదు. సాయంత్రం సార్ వస్తారు. త్వరగా గట్టిపడాలని ప్లాస్టిక్ మగ్గు నిండా రెజిన్ తీసుకొని దాంట్లో హార్డెనర్ ధారగా పోసి కలిపాడు.

వంటింట్లో ఉన్న షీరీన్‌కు మొదట వాసన తెలిసింది. అది మామూలు వాసన కాదు. ఆమె పెరట్లోకి వచ్చేసరికి తలుపు సందులోంచి తెల్లటి పొగ వస్తోంది. లోపల ఫారూఖ్ దగ్గుతున్నాడు. ఏదో కింద పడింది. గడియ దొరక్క తలుపు బాదుతున్నాడు.

"గడియ పైన! చెయ్యి పైకెత్తు!" అరిచింది షీరీన్.

బర్కతుల్లా పరుగెత్తుకొచ్చి భుజంతో తలుపును తోశాడు. రెండో తోపుకు గడియ ఊడింది. ఆయన కొడుకు కోసం లోపలికి దూకాడు. పొగలో మనిషి కనిపించలేదు. ఒక్క గుక్క పీల్చేసరికి గొంతులో కారం కొట్టినట్టయింది. కళ్ళు తెరవలేకపోయాడు. చేతులతో తడుముకొని ఫారూఖ్ చొక్కా పట్టుకొని బయటికి లాగాడు. ఇద్దరూ పెరట్లో మోకాళ్ళ మీద పడ్డారు.

షీరీన్ ముఖానికి తడిగుడ్డ కట్టుకొని, పొయ్యి దగ్గరి పట్టకారు తీసుకొని లోపలికి వెళ్ళింది. వేడికి కరిగి వంగిపోయిన మగ్గును పట్టుకొచ్చి పెరటి మట్టిలో పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళి, మూడేళ్ళుగా మేకులు కొట్టి ఉన్న కిటికీ రెక్కల మీద సుత్తితో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. రెక్క ఊడి వెనక సందులో పడింది.

బయటికి వచ్చి గుడ్డ తీసింది. అప్పుడు అరిచింది. అంత గట్టిగా అరవగలదని ఆమెకే తెలియదు.

"ఎంతసేపు ఉండారు లోపల? పది నిమిషాలు! మీరైతే రెండు నిమిషాలు మామా! నేను మూడేళ్ళు ఉండాను. డాక్టరు చెప్పినా ఉండాను. దగ్గు వస్తే పైట నోట్లో కుక్కుకున్నాను, వీధికి వినపడకూడదని! మీ పరువుకు గాలి ఆడాల. నాకు ఆడొద్దా?"

పక్కింటి వాళ్ళు గోడ మీదుగా చూస్తున్నారు. ఈసారి బర్కతుల్లా గొంతు తగ్గించమనలేదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పొగ వల్లో, మరెందువల్లో ఆయనకే తెలియదు. జీనత్ నీళ్ళచెంబుతో వచ్చింది. భర్తను దాటి, కొడుకును దాటి, ముందు కోడలికి ఇచ్చింది.

"మూడేళ్ళు నేనూ చూస్తానే ఉండాను," అంది జీనత్ ఏడుస్తూ. "ఒక్కనాడూ తలుపు తియ్యమని అడగలా. నాదీ తప్పే తల్లీ."

ఫారూఖ్ మట్టిలోనే కూర్చుండిపోయాడు. "ఇట్లా ఉంటాదని నాకు తెలీదు షీరీన్," అన్నాడు.

"తెలుసుకోవాలని ఎప్పుడన్నా తలుపు తీసినావా?"

ఫారూఖ్ లేచి, ఇంకా పొగలొస్తున్న మగ్గు మీద మట్టి పోశాడు.

ఆ సాయంత్రం ఫారూఖ్ జనార్దనయ్య సార్‌కు ఫోన్ చేసి రెండు రోజులు గడువు అడిగాడు. తెల్లారి బర్కతుల్లా కోడలి ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఏం చేస్తే మళ్ళీ పనిలో కూర్చుంటావో చెప్పు," అన్నాడు.

"ఈ గదిలో ఇంక కూర్చోను. ఆత్మకూరు షాపు వెనక రేకుల షెడ్డు ఉండాది గదా. అక్కడైతే చేస్తాను. మంచి మాస్కు కావాల. నాలుగు వైపులా గాలి రావాల."

"అక్కడ అందరూ చూస్తారు."

"చూడనీండి."

బర్కతుల్లా కిటికీ రెక్క ఊడిన గది వైపు చూశాడు. "పొద్దున బస్సుకు సిద్ధంగా ఉండు," అన్నాడు.

షాపు దగ్గర దిగగానే పక్కన టైర్ల కొట్టు కోటేశ్వర్ పలకరించాడు. "ఏంది భాయ్, కోడల్ని తీసుకొచ్చినావు? ఊరు చూపిస్తా ఉండావా?"

బర్కతుల్లా ఒక్క క్షణం తడబడ్డాడు. ఆయన చేతిలో షీరీన్ పనిముట్ల సంచి ఉంది. "లేదబ్బా," అన్నాడు. "మా మేస్త్రీ ఈమే."

మధ్యాహ్నం జనార్దనయ్య కారుతో వచ్చారు. షీరీన్ ఆయన్ను సీట్లో కూర్చోబెట్టి, టేపుతో సీటు నుంచి కుడి చెవి దాకా కొలిచింది. రింగును డోరు మీద పెట్టి, కొంచెం పైకి, కొంచెం లోపలికి తిప్పింది. "ఇట్లానే పట్టుకో, కదపొద్దు," అంది. ఆదివారం తర్వాత భర్తతో ఆమె అన్న మొదటి మాట అది. ఫారూఖ్ కదపకుండా పట్టుకున్నాడు. ఆమె కింద సన్నటి కర్రపుల్లలు అతికించి కోణం నిలబెట్టింది.

గూడు తయారై బిగించేసరికి మర్నాడు సాయంత్రమైంది. జనార్దనయ్య పాట పెట్టుకొని కళ్ళు మూసుకున్నారు. పల్లవి అయింది, చరణం అయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి.

"మాట మాట తెలుస్తా ఉండాదయ్యా!" అంటూ దిగారు. "ఫారూఖ్, నీ చేతిలో ఏదో ఉండాది!"

షెడ్డులో షీరీన్ చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది. బర్కతుల్లా కొడుకు వైపు చూశాడు. ఫారూఖ్ షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"నా చేతిలో ఏం లేదు సార్. చేసింది మా ఆమె షీరీన్. ఇదొక్కటే కాదు, ఇప్పటిదాకా షాపులో అమ్మినవన్నీ ఆమె చేసినవే. వీడియోలో నేను చెప్పింది అబద్ధం. ఆ తమ్ముణ్ణి పిలిచి మళ్ళీ నిజం చెప్తాను."

జనార్దనయ్య షెడ్డు వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. షీరీన్ నమస్కారం చేయబోయింది. చేతులు సగంలోనే ఆగిపోయాయి. వీడియో చూసిన నాటి నుంచి బిగబట్టిన ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. ముఖం తిప్పుకొని షెడ్డు గుంజను ఆనుకొని నిలబడింది.

బర్కతుల్లా నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. "వాడికి ఆ అబద్ధం నేర్పింది నేనే తల్లీ," అన్నాడు. "దాచమని మొదట చెప్పింది నేను. వాడు దాచి దాచి తనదే అనుకున్నాడు. నన్ను మన్నించు."

షీరీన్ ముంజేతితో కళ్ళు తుడుచుకుంది. "నాకు కోపం ఇంకా పోలేదు మామా."

"పోనక్కర్లేదు. ఉండనీ." ఆయన మోడా లాక్కొచ్చి గాలి వచ్చే వైపు వేశాడు. "ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. నువ్వు ముందు కూర్చో."

షీరీన్ కూర్చుంది.