పొయ్యి మీది పెట్టె

నైట్ డ్యూటీ దిగి స్తుతి ఇల్లు చేరేసరికి వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. రాత్రంతా ప్రసూతి వార్డులో నిలబడి నిలబడి కాళ్లు తనవి కానట్టున్నాయి. చెప్పులు విప్పి, గోడకు చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ముందు స్నానం చేయాలా, తినాలా, పడుకోవాలా అన్నది కూడా తేల్చుకోలేకపోయింది. భద్రాచలంలో గోదావరి మీద పొద్దు అందంగా ఉంటుందని చూడ్డానికి వచ్చినవాళ్లు అంటారు. స్తుతికి మాత్రం పొద్దు ఎప్పుడూ కళ్లల్లో ఇసుక పోసినట్టే ఉంటుంది.

అంతలో తాలింపు వాసనలో మరో వాసన కలిసింది. నూలు గుడ్డ కాలుతున్న వాసన.

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. దాని పైన గోడకు బిగించిన మైక్రోవేవ్ ఓవెన్‌కు తెల్లటి లేసు గుడ్డ ఒకటి ముసుగులా కప్పి ఉంది. గుడ్డ అంచు కిందికి వేలాడి, మంట సెగకు గోధుమరంగు తిరిగి ముడుచుకుపోతోంది. అత్త ఆరోగ్యమ్మ అటు తిరిగి కరివేపాకు దూస్తోంది. స్తుతి పొయ్యి కట్టేసి, గుడ్డను ఒక్క గుంజు గుంజి సింకులో పడేసి నీళ్లు వదిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నర్సులకు ఏమీ కాకపోవడం కంటే ఏం కాబోయిందో ముందు కనిపిస్తుంది.

ఆ ఓవెన్ కథ కొంచెం చెప్పాలి. స్తుతి భర్త ఆంథోని పేపరు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరు. అక్కడి పెద్ద ఇంజనీరు ఒకాయన బదిలీ మీద పోతూ దాన్ని వదిలించుకుంటే, ఆంథోని ఇంటికి తెచ్చి మెకానిక్ చేత పొయ్యి పైన బిగించాడు. అన్నం వేడిచేస్తుంది, కింద ఫ్యానుతో పొయ్యి పొగనూ లాగేస్తుంది. డ్యూటీల మధ్య నలిగిపోతున్న పెళ్లానికి కాస్త సుఖంగా ఉంటుందనే తెచ్చాడు, పాపం. మెకానిక్ జాగ్రత్తలన్నీ చెప్పాడు. స్టీలు గిన్నెలు పెట్టొద్దు, ఖాళీగా తిప్పొద్దు, మూత బిగించిన డబ్బాలు పెట్టొద్దు, పైనున్న గాలి సందులు మూయొద్దు, కింద జిడ్డు పట్టే జాలీని సబ్బునీళ్లలో కడగకుండా వదలొద్దు. ఒకవేళ లోపల ఏదైనా అంటుకుంటే తలుపు మాత్రం తెరవొద్దు, కరెంటు తీసేసి ఆగండి అన్నాడు. స్తుతి అవన్నీ తలూపుతూ విని, వాటిలో గుర్తున్నవి అత్తకు అప్పజెప్పింది. అలా ఆరోగ్యమ్మకు ఆ పెట్టె గురించి తెలిసినవన్నీ ‘వద్దు’లే. దాంతో ఏం చేయవచ్చో ఆమెకు చెప్పే తీరిక ఎవరికీ దొరకలేదు.

చెప్పకపోయినా, ఇంట్లోకి వచ్చిన ఖరీదైన వస్తువుకు ఏం చేయాలో ఆరోగ్యమ్మకు తెలుసు. లేసు అల్లి కప్పాలి. పెళ్లికి ముందు మఠంలో సిస్టర్ల దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆ ఇంట్లో టీవీకి లేసు, ఫ్రిజ్‌కు లేసు, మిక్సీకి లేసు, బైబిలుకు లేసు. ఇంటర్ చదువుతూ ఖమ్మం హాస్టల్లో ఉంటున్న మనవరాలు బ్లెస్సీ, నాయనమ్మ ముందు కూర్చుంటే మనకూ కప్పేస్తుందని నవ్వేది. ఓవెన్‌కు కొలత తీసుకుని, నెల రోజులు కళ్లు చికిలించుకుని అల్లి, కోడలు డ్యూటీ నుంచి వచ్చి చూస్తుందని ఆ పొద్దునే కప్పింది.

స్నానాల గదిలోంచి తడి తలతో వచ్చిన ఆంథోనికి సింకులో కాలిన గుడ్డ కనిపించింది.

"ఏందమ్మా ఇది," అన్నాడు. గొంతు పెంచలేదు. అతనికీ రాత్రి నిద్ర చాలినట్టు లేదు. "మొన్ననేమో పాలు పెట్టి మర్చిపోయినవు. ఇయ్యాల గుడ్డ అంటువెట్టినవు. రేపు ఇంకేం జరగాలె?"

గాలి సందులు మూయకూడదని తనకు తెలియదని, దుమ్ము పడకుండా కప్పానని ఆరోగ్యమ్మ ఏదో చెప్పబోయింది. ఆంథోని వినే స్థితిలో లేడు. ఈ రోజు నుంచి వంటింట్లోకి రావద్దన్నాడు. ఏం కావాలన్నా బయట నుంచి అడగమన్నాడు. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే కల్లూరులో ఉన్న తన చెల్లెలు పుష్ప దగ్గరికి పంపిస్తానన్నాడు. అల్లుడి ఇంట్లో పడి ఉండటం కంటే ఆరోగ్యమ్మకు నామోషీ ఇంకోటి లేదని అతనికి తెలుసు, తెలిసే అన్నాడు. ఆమె కోడలి వైపు చూసింది. గాలి సందుల సంగతి నేను చెప్పలేదు, తప్పు నాది కూడా అని స్తుతి అనగలదు. కానీ నోరు తెరవాలంటే కూడా ఓపిక కావాలి. ఆమె సింకులోని గుడ్డను పిండుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఆరోగ్యమ్మ వంటింటి గడప దాటలేదు. తిట్టినందుకు అలిగి ఊరుకునే మనిషైతే రెండు రోజులకు మామూలైపోయేది. ఆమె అలగలేదు, మాట విన్నది. దాహమైతే గ్లాసు పట్టుకుని గడప దగ్గర నిలబడి, లోపల ఎవరైనా ఉంటే అడిగేది. ఎవరూ లేకపోతే ఎవరైనా వచ్చేదాకా ఆగేది, లేదా బయటి కుళాయి దగ్గరికి పోయేది. తిన్న కంచం గడప మీద పెట్టి వెనక్కి తిరిగేది. స్తుతికి మొదట్లో పని తగ్గినట్టే అనిపించింది. అడ్డం పడేవాళ్లు లేరు, ఏం మాడిందోనని చూసుకునే పని లేదు. వారం తిరిగేసరికి అసలు సంగతి తెలిసింది. ఇన్నాళ్లూ తను డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నం ఉండేది, కూర ఉండేది, కడిగిన గిన్నెలు ఉండేవి. ఇప్పుడు అవేవీ లేవు. ఓవెన్ జాలీకి జిడ్డు పట్టి ఫ్యాను మూలుగుతోంది. కడుగుతానన్న ఆంథోని ఒక ఆదివారం కడిగి మళ్లీ ముట్టలేదు.

పని ఎలాగో చేసుకోవచ్చు. ఆ గడప దగ్గర నిలబడే మనిషిని చూడటమే కష్టంగా ఉంది. వార్డులో మందుల కోసం కౌంటరు ముందు నిలబడే ముసలమ్మలు అలాగే నిలబడతారు, పిలిచేదాకా. స్తుతి ఒకటి రెండుసార్లు లోపలికి రండి అత్తమ్మా అంది. వద్దులే బిడ్డా, వాడు అన్నడు గదా అని ఆమె నవ్వేది. ఆ నవ్వు చూడలేక స్తుతి పనిలో తలదూర్చేది. భర్తతో ఒకసారి మాట్లాడాలి అనుకునేది. అతను వచ్చేసరికి ఈమె డ్యూటీకి పోయేది, ఈమె వచ్చేసరికి అతను నిద్రలో ఉండేవాడు. అలా రోజులు పోయాయి.

ఒక సాయంత్రం స్తుతి రెండు షిఫ్టులు కలిపి చేసి వచ్చింది. రిలీవరు రాలేదు, పొద్దటి టిఫిను తర్వాత టీ తప్ప ఏమీ పడలేదు. దారిలో చిలగడదుంపలు కనిపిస్తే అత్తకు ఇష్టమని కొంది. రోజులుగా మనసులో గుచ్చుకుంటున్నదానికి ఆమె చేయగలిగిన మందు అది. దుంపలు కడిగి, ఓవెన్‌లో పెట్టి, బటన్లు నొక్కి, ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుంది. టైము నొక్కేటప్పుడు సున్నా ఒకటి ఎక్కువ పడింది. ఆమె అది చూడలేదు. ఫ్రిజ్‌కు తల ఆనించగానే కళ్లు మూతపడ్డాయి.

ఎక్కడో దూరం నుంచి ఎవరో పిలుస్తున్నారు. వార్డులో బెడ్డు మీది ఆమె అనుకుంది స్తుతి. వస్తున్నానమ్మా అని నిద్రలోనే అంది. ఇంతలో మొహం మీద చల్లటి నీళ్లు పడ్డాయి.

కళ్లు తెరిస్తే వంటిల్లంతా పొగ. గడప బయట ఆరోగ్యమ్మ ఖాళీ చెంబుతో నిలబడి ఉంది. రెండో చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుంది, కాలి వేళ్లు గడపను ఆనుకుని ఉన్నాయి గానీ లోపలికి రాలేదు.

"లే బిడ్డా, అది కాలుతున్నది," అంటోంది. ఎంతసేపు పిలిచిందో గొంతు బొంగురుపోయింది.

ఓవెన్ అద్దంలోంచి నారింజ రంగు మంట కనిపించింది. స్తుతి ఒక్క ఉదుటున లేచి తలుపు పట్టుకుంది. లాగబోయేంతలో మెకానిక్ మాట గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకుంది. తెరిస్తే గాలి తగిలి మంట మొహం మీదికి వస్తుంది. గోడ మీది ఓవెన్ స్విచ్చి ఆపేసింది. ఫ్యాను మూలుగు కూడా ఆగిపోయింది. ఇంక చేయడానికి ఏమీ లేదు, ఆగడం తప్ప. లోపల ఒకరు, గడప బయట ఒకరు నిలబడి ఆ చిన్న మంటను చూస్తూ ఉండిపోయారు. అది మెల్లగా కుంగి, నీలంగా మారి, ఆరిపోయింది.

స్తుతి అత్త వైపు తిరిగింది.

"లోపలికొచ్చి లేపొద్దా అత్తమ్మా," అంది. "అక్కడే నిలబడి పిలుసుడేంది? నేను లేవకపోతే ఏమైతుండె?"

"వాడు రావొద్దన్నడు గద."

"ఇంత పొగ వస్తుంటే కూడానా?"

ఆరోగ్యమ్మ చెంబు వైపు చూసుకుంది. "పొగ వస్తున్నప్పుడు నేను లోపలుంటే, నేనే చేసిన్నంటరు బిడ్డా," అంది నెమ్మదిగా. "లేవకపోతే వద్దామనే అనుకున్న. కాలు ఎత్తిన గూడ."

స్తుతికి సంగతి అప్పుడు అర్థమైంది. మంట చూసి భయపడాల్సిన మనిషి తమను చూసి భయపడేలా చేశారు తామిద్దరూ. ఇందులో ఆంథోని మాటల వాటా ఎంత ఉందో, ఆ రోజు తన మౌనం వాటా కూడా అంతే ఉంది.

బయట బండి ఆగిన చప్పుడైంది. ఆ చప్పుడుకు ఆరోగ్యమ్మ చెంబు కింద పెట్టి, ఇన్ని రోజుల తర్వాత గడప దాటింది. వచ్చి సింకు పక్కనున్న తుడిచే గుడ్డ అందుకుని, కోడలిని పక్కకు నెట్టింది.

"నువ్వు పోయి మొహం కడుక్కో. జల్దీ పో. తిండి లేదు, నిద్ర లేదు, ఇప్పుడు వాడు ఒక మాటంటే నువ్వు పడలేవు. నాకైతే అలవాటే."

స్తుతి కదిలేలోపే ఆంథోని వచ్చేశాడు. పొగ చూశాడు, నల్లబడ్డ అద్దం చూశాడు, గుడ్డతో ఓవెన్ ముందున్న తల్లిని చూశాడు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"ఎవరు చేసిన్రు?" అన్నాడు.

"నేనే నాయనా," అంది ఆరోగ్యమ్మ. "దుంపలు ఉడకవెట్టుకుందామని."

ఆంథోని అరవలేదు. అరిచినా బాగుండేది. గోడకు జారగిలబడి కళ్లు మూసుకున్నాడు. "నాతోని కాదమ్మా," అన్నాడు. "ఇల్లు విడిచి డ్యూటీకి పోతే మనసు ఇక్కడనే ఉంటున్నది. పుష్పకు ఫోన్ చేస్త. రేపు పొద్దున బస్సు ఎక్కిద్దాం." జేబులోంచి ఫోను తీశాడు.

ఆరోగ్యమ్మ గుడ్డతో ఓవెన్ తలుపు తుడుస్తూనే ఉంది. కల్లూరులో అల్లుడి అరుగు మీద తనకు మంచం ఎక్కడ వేస్తారో ఆమెకు తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. స్తుతి ఆ చేతిని చూసింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఊరుకుంటే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఆమెకు వచ్చింది.

"నేను చేసిన," అంది.

ఆంథోని కళ్లు తెరిచాడు.

"దుంపలు పెట్టింది నేను. సున్నా ఎక్కువ నొక్కింది నేను. స్టూలు మీదనే నిద్రపోయిన. అత్తమ్మ బయట నుంచి నీళ్లు చల్లకపోతే ఇప్పుడు మీరు వేరే సంగతి చూస్తుండిరి." ఏడవకూడదనుకుంది గానీ ఏడుపు వచ్చేసింది. "ఇప్పుడు చెప్పండి, నన్ను ఎక్కడికి పంపిస్తరు?"

"స్తుతీ, నువ్వు అలిసిపోయి..."

"అవ్. అలిసిపోయిన. నేను చేస్తే అలసట అంటున్నరు. అత్తమ్మ చేస్తే ముసలితనం అనుకున్నం. పొద్దున లేచి మనిద్దరికీ వండిపెట్టి, బట్టలు ఉతికి, గిన్నెలు కడిగిన మనిషికి అలసట ఉండదా? ఆ రోజు పాలు పొంగినయంటే ఎందుకు పొంగినయో ఒక్కసారన్న అడిగినమా?"

ఆంథోని చేతిలో ఫోను వెలుగుతూ ఉండి, దానంతట అదే ఆరిపోయింది. నోరు మూసుకుని ఉండొచ్చు గద పిచ్చిదానా అని ఆరోగ్యమ్మ కోడల్ని కసురుకుంది. కసురుతూనే ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ అలా నిలబడి ఏడ్చారు. ఒకరి పొగ వాసన ఒకరికి అంటింది.

కాసేపటికి స్తుతి మొహం తుడుచుకుంది. మెకానిక్ వచ్చి చూసేదాకా ఈ పెట్టెను మనం ముగ్గురం ముట్టొద్దని చెప్పింది. బాగైతే మాత్రం దీన్ని ఎట్లా వాడాలో అత్తకు కూర్చోబెట్టి నేర్పిస్తానంది. ఆంథోని తలూపాడు. అతను ఇంకా వంటింటి బయటే నిలబడి ఉన్నాడు. ఏదో అనాలని చూశాడు, తల్లికి క్షమాపణ చెప్పడం అలవాటు లేని కొడుకులు ఎలా చూస్తారో అలాగే అటూ ఇటూ చూశాడు.

చివరికి, "ఆకలైతున్నదమ్మా," అన్నాడు. "ఏమన్నా చేసి పెడతవా?"

ఆరోగ్యమ్మ కొడుకు మొహంలోకి చూసింది. అన్నం గిన్నె అందుకుంది, బియ్యం కడిగింది, పొయ్యి మీద పెట్టింది. అగ్గిపెట్టె దగ్గరికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అంటియ్యనా?" అని అడిగింది.

తన ఇంట్లో, తన కొడుకును, తన కోడలిని. ఆంథోని మొహం అటు తిప్పేసుకున్నాడు. స్తుతి వెళ్లి అగ్గిపెట్టె తీసి అత్త చేతిలో పెట్టింది. పెట్టి, ఆ చెయ్యిని వెంటనే వదల్లేకపోయింది.