వెనక గోడ మీది బటన్

సీసపు పలకల గదిలో, పెద్ద డిటెక్టర్ యంత్రం వెనక శవం. ఒంటి మీద చిన్న దెబ్బ కూడా లేదు.

"కూలింగ్ కోసం వాడే నైట్రోజన్ లీకైంది. ఊపిరాడక పోయాడు," తేల్చేశాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూసింది. ఈ సింక్రొట్రాన్ యంత్రం ఇచ్చే ఎక్స్‌రే కిరణాలను ఎన్నో బృందాలు వంతులేసుకుని వాడుకుంటాయి. వంతు మారినప్పుడల్లా ఆపరేటర్ లోపలెవరైనా ఉన్నారేమోనని గదంతా వెతికి, రెండు సెర్చ్ బటన్లు నొక్కి, తలుపు మూయాలి. అప్పుడే కిరణం వస్తుంది.

ఉదయం 11:40కి ఆపరేటర్ బటన్లు నొక్కాడు. చనిపోయింది అతని బావమరిదే, డిటెక్టర్ టెక్నీషియన్. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఇంకేం, కావాలనే లోపలుంచి తలుపు మూశాడని అందరి వేళ్ళూ ఆపరేటర్ వైపే.

కంట్రోల్ రూములో ఆపరేటర్ భార్య తమ్ముడి కోసం ఏడ్చి ఏడ్చి కూర్చుంది.

"గది వెతికారా?" ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్‌ని అడిగింది.

"వెతికాను మేడమ్. రెండు బటన్లూ నొక్కాను."

"లోపలికెళ్తున్నానని అతను మీకు చెప్పలేదా?"

"మా మధ్య మాటల్లేవు మేడమ్."

ఆ ఎక్స్‌రే కేంద్రం హెడ్ అందుకున్నాడు. "ఆ సెర్చ్ డిజైన్ నాది. రెండూ నొక్కినవాడికి లోపలి మనిషి కనబడకుండా ఉండడు. చూసే మూశాడు!"

ఆపరేటర్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెతికానంటే హత్య, లేదంటే నిర్లక్ష్యం. పాపం, ఏ మాటన్నా జైలే.

ఇన్‌స్పెక్టర్ అందరినీ సీసపు గదికి తీసుకెళ్ళింది. డిటెక్టర్ వెనక సందులోకి ఒదిగి దూరింది. వెనక గోడ మీద ఒకచోట మాత్రం చదరపు ఆకారంలో మాయని పెయింట్, నాలుగు స్క్రూ రంధ్రాలు.

"ఇక్కడేముండేది సార్?"

హెడ్ గొంతు తగ్గింది. "రెండో సెర్చ్ బటన్. కొత్త డిటెక్టర్ పెట్టాక వెనక్కి దూరడం కష్టమైంది. తమ వంతు కిరణం టైమ్ వృథా అవుతోందని బృందాలన్నీ గోల. అందుకే ముందు గోడకి మార్పించాను."

"బటన్ అక్కడ పెట్టింది నొక్కడానికి కాదు సార్, మనిషిని ఈ మూల దాకా నడిపించడానికి. అతను అప్పటికే స్పృహ తప్పి ఇక్కడ పడున్నాడు. మీ ఆపరేటర్ ఇటు రావాల్సిన పనే లేకుండా చేసింది మీరు. ఇది హత్య కాదు, మీ నిర్లక్ష్యం. పదండి, పోలీస్ స్టేషన్‌లో మాట్లాడదాం."

ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్ వైపు తిరిగింది. "మీరిక ఇంటికెళ్ళొచ్చు."

అతను అమ్మయ్య అనుకున్నాడు. భార్య మాత్రం ఆ సందునే చూస్తోంది.

"ఏమండీ, బటన్ లేకపోతే మాత్రం... ఒక్కసారి ఇటు తొంగి చూడలేకపోయారా?"

తలుపు బార్లా తెరిచే ఉంది. అతని కాళ్ళు కదల్లేదు.