పసుపు నడికట్లు

...నిజం చెప్పేవాడే, చేతిలో దువ్వెన లేకపోతే. తమ్ముడి జుట్టు పట్టుకుని ఉండగా ఏ అన్న చెప్పగలడు, అనుకున్నాడు షూతాంగ్. అనుకున్న మరుక్షణమే అది కూడా సాకేనని తెలిసింది. నిన్న భోజనాల దగ్గర చేతిలో దువ్వెన లేదు. చెప్పాడా?

కిటికీ కాగితం మీద బీజింగ్ వసంతపు దుమ్ము సన్నగా రాలుతోంది. యూన్‌చీ పొట్టి పీట మీద కూర్చుని ఆవలిస్తున్నాడు. అమ్మానాన్నలు పోయినప్పటి నుంచీ ఆ పీట తమ్ముడిది, దువ్వెన అన్నయ్యది. మంచూ చక్రవర్తుల ఆజ్ఞ ప్రకారం మగవాళ్ళందరూ వేసుకోవాల్సిన జడ అది. ముప్పై దగ్గరపడుతున్నా యూన్‌చీకి రోజూ పొద్దున్నే అన్నే అల్లాలి.

"మెల్లగా అన్నయ్యా! తల ఊడొచ్చేలా ఉంది."

"ఊడితే మంచిదే. పార్లమెంటు పిచ్చి కూడా దాంతోపాటే పోతుంది," అంది వదిన రుయీ, కొర్రజావ గిన్నెలు బల్ల మీద పెడుతూ.

"పోదు వదినా. అది తలలో లేదు. నీ మిరపకాయ పచ్చడితో కలిసి కడుపులోకి దిగిపోయింది."

షూతాంగ్ కూడా నవ్వాడు. తన నవ్వు తనకే పరాయిగా వినిపించింది.

చలికాలంలో, పార్లమెంటు వెంటనే పెట్టమని అర్జీ ఇవ్వడానికి హునాన్ నుంచి మిత్రులొచ్చినప్పుడు, రక్తంతో సంతకం చేస్తానని యూన్‌చీ వేలు కోసుకున్నాడు. కట్టు కట్టింది షూతాంగే. "ముందు మంత్రివర్గం రానీరా. అందులో మంచూలే కాదు, మన చైనావాళ్ళూ ఉంటారు. కాస్త ఓపిక పట్టు," అన్నాడు. అప్పుడు నిజంగానే నమ్మాడు. తప్పంతా పోయిన నెలలో జరిగింది.

కొత్త మంత్రివర్గానికి కార్యాలయం సిద్ధం చేసే పని అతనిది. గదులు చూసుకోవడానికి కాబోయే మంత్రులు వచ్చినరోజు గుమ్మం దగ్గర తల వంచి నిలబడ్డాడు. వంచిన తలకి మొహాలు కనబడవు, నడుములే కనబడతాయి. ఒకదాని వెనక ఒకటి పసుపు నడికట్లు. మంచూ రాజవంశం వాళ్ళు తప్ప ఇంకెవరూ కట్టనివి.

ఆ వారమే తమ్ముడి మిత్రులు ఇంకో అర్జీతో మళ్ళీ వచ్చి సత్రంలో దిగారు. "ఉండమననా, వెళ్ళిపొమ్మననా అన్నయ్యా?" అని యూన్‌చీ అడిగాడు.

"పంపించెయ్. మంత్రివర్గం రానీ, నా మాట నమ్ము."

ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, నిజమే. దాని కింద ఇంకొకటి ఉంది. తమ్ముడు తన మొహంలోకి చూసి నమ్మే ఆ ఒక్క క్షణం అతనికి కావాలి. అది పోగొట్టుకోలేకపోయాడు.

వీధిలో పత్రికలవాడి కేక వినిపించింది. రుయీ వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చింది.

"ఇదిగోనయ్యా, మీ మంత్రివర్గం. ఇంకనైనా ఇంట్లో వేరే మాటలు వింటానేమో!"

యూన్‌చీ చదివాడు. జడ సగమే అయింది. మూడు పాయలూ ఇంకా షూతాంగ్ వేళ్ళ మధ్యే ఉన్నాయి. వాటిలోంచే తమ్ముడి మెడ బిగుసుకోవడం తెలిసింది.

"పదమూడు మంది. మనవాళ్ళు నలుగురు. మిగతావాళ్ళు మంచూలు, అందులోనూ చాలామంది రాజవంశం వాళ్ళే. ఇది మంత్రివర్గమా, వాళ్ళింటి విందా?"

"ముందు తినరా, చల్లారిపోతుంది."

"ఎలా తినమంటావు వదినా? ఒక్కొక్కడి చెయ్యీ పట్టుకుని బతిమాలి పంపాను. మా అన్నయ్యకి లోపలి సంగతులన్నీ తెలుసన్నాను. ఇప్పుడు వాళ్ళ దృష్టిలో నేనెవర్ని? అమ్ముడుపోయినవాణ్ణి." తల తిప్పకుండానే అడిగాడు. "నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"కుర్చీలు సర్దేవాడికి ఏం తెలుస్తుందిరా?"

"అదేం మాటరా, ఆయన్ని అనుమానిస్తావా?" అంది రుయీ. "ఆ మంత్రులకి గదులు చూపించొచ్చిన రోజైతే పాపం మెతుకు ముట్టలేదు. ఏమైందంటే మాట్లాడలేదు, గోడకేసి తిరిగి పడుకుని..."

ఆగిపోయింది. మొగుడి మొహం చూసింది.

యూన్‌చీ లేచాడు. పాయలు అన్న వేళ్ళలోంచి జారి విడిపోయాయి.

"మధ్యాహ్నం రైలుకి నా మిత్రుల దగ్గరికి వెళ్ళిపోతాను. వాళ్ళు ఉమ్మేసినా సరే, ఎదురుగా నిలబడాలి. ఇక ఈ జడ కూడా నాకక్కర్లేదు." రుయీ కుట్టుబుట్టలోంచి కత్తెర తీశాడు.

"వద్దురా, జడ తీస్తే తల తీస్తారు! నీకు దణ్ణం పెడతాను!" రుయీ అతని చెయ్యి పట్టుకుంది.

"నాకు ముందే తెలుసురా," అన్నాడు షూతాంగ్.

తమ్ముడికి ఎదురుగా వచ్చాడు. "మంత్రుల నడుములకి పసుపు నడికట్లు చూశాను. నువ్వు అడిగేసరికే చూశాను. నిజం చెబితే మళ్ళీ నన్నెప్పుడూ అలా నమ్మకంగా చూడవని భయం వేసింది. నేనూ వస్తాను యూన్‌చీ. వాళ్ళకి నేనే చెబుతాను."

"నువ్వొస్తే, ఆ నడికట్లవాళ్ళకి కుర్చీలెవరు వేస్తారు?"

షూతాంగ్ దువ్వెన బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ కూర్చోని ఆ పొట్టి పీట మీద, తమ్ముడికి వీపు పెట్టి కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డందాకా వచ్చాయి.

"కత్తెరో, దువ్వెనో. నా జడకి ఏది పట్టుకుంటావో నీ ఇష్టం."

వెనక అడుగుల చప్పుడు లేదు. తమ్ముడి ఊపిరి మాత్రం ఎగిరెగిరి పడుతోంది. ఏడుస్తున్నాడు, వెళ్ళిపోలేదు. షూతాంగ్ తన జడని భుజం మీంచి ముందుకి లాక్కుని, చివరనున్న దారం ముడి విప్పాడు.